మల్లీ ప్రయత్నించు

మా మనవరాలి నోటి నుంచి వచ్చిన మొదటి మాట అమ్మ కాదు, అత్త కాదు, తాత కాదు. "మల్లీ ప్రయత్నించు." ఆ రెండు ముక్కలూ దానికి నేర్పింది మేమెవరమూ కాదు, ఒక ట్యాబ్. నేను ఉద్యోగమంతా పల్లెటూరి బళ్ళలో పంతులమ్మగా చేశాను. పిల్లల చేత 'ళ' సరిగ్గా పలికించడానికి గొంతు అరగదీసుకున్నదాన్ని. అలాంటిది నా సొంత మనవరాలు 'మళ్ళీ' అనకుండా 'మల్లీ' అంటూ మాట్లాడ్డం మొదలుపెట్టింది, ఎందుకంటే ఆ ట్యాబ్‌లోని గొంతుకి ళ రాదు. అయితే ఇక్కడ నేను చెప్పబోయేది నా ళ గోడు కాదు. ఆ రెండు మాటల చుట్టూ పెద్దవాళ్ళు చేసిన యాగీ తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు అసహ్యం వేస్తుంది. ఆ అసహ్యాన్ని దిగమింగకుండా ఉన్నదున్నట్టు రాద్దామనే కూర్చున్నాను.

ఉద్యోగం నుంచి దిగిపోయాక పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లోనే ఉంటున్నాను. అల్లుడిది వ్యవసాయం, కొంత పత్తి, కొంత మిర్చి. వాళ్ళకి ఒక్కతే కూతురు. మూడేళ్ళు నిండినా దానికి మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. అలాగని చెవుడా అంటే, వీధి చివర ఐసుబండి గంట మోగితే నిద్రలో కూడా లేచి కూర్చుంటుంది. ఎండుమిరపకాయలు చేతికి దొరికితే తొడిమలన్నీ ఒకే వైపుకు వచ్చేలా గుమ్మం దగ్గర నుంచి వంటింటి దాకా వరస పేరుస్తుంది. ఆ వరసలో ఒక్క కాయ మనం కదిపామా, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది.

"వస పోశారా?" అని అడగని మనిషి లేదు. నాలుక కింద తీగ కోయించమని ఒకరు, ఫలానా గుళ్ళో నిద్ర చేయించమని ఒకరు. మా అమ్మాయి అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పేది. నాకా ఓపిక లేదు. మా వీధిలోనే ఉండే ఒకావిడ పిల్ల ముందే, "ఫోను చేతికిచ్చి చెడగొట్టారమ్మా, మా పిల్లలకి ఇట్టాంటియి లేవు" అంది. "మీ పిల్లలకి మాటలొచ్చాయిలేమ్మా, ఏం మాట్లాడాలో మాత్రం రాలేదు" అన్నాను. అప్పట్నుంచి ఆవిడ మా గడప తొక్కడం మానేసింది. ఆ గొడవంతటిలో నాకు దక్కిన లాభం అదొక్కటే.

చివరికి గుంటూరులో పిల్లల డాక్టరుకి చూపించాం. ఆటిజం అన్నాడు. ఇది మందులతో పోయే జబ్బు కాదని, ఈ పిల్ల లోకాన్ని మనలా కాకుండా తన పద్ధతిలో తీసుకుంటుందని, చిన్నప్పుడే థెరపీ మొదలుపెడితే తన మనసులో ఉన్నది చెప్పుకోవడానికి దానికొక దారి దొరుకుతుందని నిదానంగా చెప్పాడు. "దారి దొరకడం" అన్న మాట మా అమ్మాయి మనసులో నాటుకుపోయింది. దానికి కావలసిందల్లా అదే. కూతురికి ఆకలేస్తుందో, ఎక్కడన్నా నొప్పిగా ఉందో, భయమేస్తుందో ఏదో ఒక గుర్తుతో తనకి తెలియాలి. అంతకు మించి అది ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

కొన్నాళ్ళు గుంటూరుకి తిప్పింది. రెండు బస్సులు మారాలి. హారన్ మోగినప్పుడల్లా పిల్ల రెండు చేతులూ రెండు చెవులకి అడ్డం పెట్టుకుని కేకలు పెట్టేది. తోటి ప్రయాణికులు సీట్లలోంచి వెనక్కి తిరిగి మరీ చూసేవాళ్ళు. "రెండు తగిలిస్తే అదే నోరు మూస్తది" అని సలహా ఇచ్చిన పెద్దమనిషి ఒకడు, దిగేటప్పుడు మా సీటు పక్కనే ఉమ్మేసి దిగాడు. పత్తి తీతలు మొదలయ్యాక కూలీలకి అన్నాలు, ఇంటి పని, పొలం పని మీద పడి ఆ తిరుగుడు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడొచ్చింది ట్యాబ్. పల్లెల్లో ఇలాంటి పిల్లలకి థెరపీ చెప్పేవాళ్ళు దొరకరు కాబట్టి, ట్యాబ్‌లోనే పాఠాలు పెట్టి ఇంటికే ఇస్తామని ఒక సంస్థ వాళ్ళు చెప్పారు. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. మండలంలో సభ పెట్టి ఇలాంటి పిల్లలున్న తల్లులందరినీ పిలిచారు. ఆ సంస్థ పెద్ద ఒకాయన ఉన్నాడు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, అందరూ సారు అంటారు. ఆయన చేతుల మీదుగా ట్యాబులు ఇచ్చారు. ఒక్కొక్క తల్లీ ట్యాబ్‌ని ఒక చివర, ఆయన ఇంకో చివర పట్టుకుని ఫొటో దిగేదాకా ఆయన వదల్లేదు. ఫొటో సరిగ్గా పడలేదని మా అమ్మాయి చేతిలోంచి వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చాడు. పిల్లలు ఏడుస్తుంటే బయట తిప్పి తీసుకురమ్మన్నారు. సభ ఆ పిల్లల కోసమే అన్న సంగతి అక్కడ ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

మా మండలానికి ఒక కోఆర్డినేటర్ని కూడా పెట్టారు. పాతికేళ్ళ పిల్ల, చదువుకున్నది, స్కూటీ మీద ఊళ్ళు తిరిగేది. చెడ్డది కాదు. సారంటే మాత్రం హడల్. రోజూ అరగంట పిల్లని ట్యాబ్ ముందు కూర్చోబెట్టాలని, వెనక కూర్చుని వేలు పట్టుకుని బొమ్మల మీద పెట్టించాలని చెప్పింది. పిల్ల ఎన్నిసార్లు నొక్కింది, ఎన్ని తప్పులు చేసింది అన్నీ నెట్ తగిలినప్పుడు ట్యాబే వాళ్ళకి చేరవేస్తుందట. మా అమ్మాయి ఇంటికి రాగానే దాని వెనక పసుపు రాసి బొట్టు పెట్టింది. ఫోను వల్లే చెడిందన్న ఊరంతా, ఇప్పుడు ఇంకా పెద్ద ఫోను వల్ల బాగుపడుతుందని చూడ్డానికి వచ్చింది.

ట్యాబ్‌లో ఒకమ్మాయి గొంతు ఉంటుంది, పంచదార పాకంలో ముంచి తీసిన గొంతు. "ఆపిల్‌ను తాకు" అంటుంది. సరైన బొమ్మ తాకితే బుడగలు పైకి లేస్తాయి, చప్పట్లు మోగుతాయి, "భేష్!" అంటుంది. తప్పు తాకితే ఒక పసుపుపచ్చ మొహం వచ్చి మూతి ముడుస్తుంది. టుంయ్ అని ఒక చప్పుడు, ఆ వెంటనే, "అయ్యో! మల్లీ ప్రయత్నించు." ప్రయత్నించు! మా ఊళ్ళో తల్లి పిల్లతో ఆ మాట అనడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఇంకోసారి చెయ్యమ్మా అంటాం, మళ్ళీ చూడు అంటాం. బొమ్మలు కూడా అలాంటివే. మంచుతో చేసిన మనిషి, గంటలు కట్టుకున్న దుప్పి. ఇంటి నిండా పత్తి, కల్లం నిండా మిరపకాయలు ఉన్న పిల్ల వాటిని గుర్తుపట్టాలి. గుర్తుపట్టకపోతే మూతి ముడుపు.

అయినా న్యాయంగా చెప్పాలి. కొన్ని వారాలకి పిల్ల ఒకచోట కూర్చోవడం నేర్చుకుంది. వేలు పెట్టి చూపిస్తే చూపించిన వైపు చూడ్డం వచ్చింది. నా కోపం ఆ పలక మీద కాదు.

ఒక ఆదివారం మా అమ్మాయి దానికి తలంటి, అరుగు మీద కూర్చోబెట్టి జుట్టు చిక్కు తీస్తోంది. దువ్వెన చిక్కులో ఇరుక్కుంది. పిల్ల మొహం ముడుచుకుని, స్పష్టంగా, ఆ ట్యాబ్ రాగంలోనే అంది: "మల్లీ ప్రయత్నించు."

మా అమ్మాయి చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. తర్వాత కూతుర్ని వాటేసుకుని ఒకటే ఏడుపు. అల్లుడు పొలం నుంచి పరుగెత్తుకొచ్చాడు. పక్కింటావిడ వచ్చి, "మల్లి ఎవరమ్మా? ఎవర్ని పిలుస్తోంది?" అని అడిగింది. పేరు కాదని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కోఆర్డినేటర్ ఆ సాయంత్రమే వచ్చి వీడియో తీసుకుంది. పిల్ల తనంతట తాను అనకపోతే, "ఇంకోసారి దువ్వండి అక్కా, అంటుంది" అని పురమాయించింది. మా అమ్మాయి సంతోషంలో ఉంది, దువ్వింది. పిల్ల అంది.

ఊళ్ళో అదొక వేళాకోళం అయిపోయింది. బండి స్టార్ట్ కాకపోతే, "ఒరేయ్, మల్లీ ప్రయత్నించరా!" పేకాటలో పోగొట్టుకున్నవాడికీ అదే. టీ కొట్టు దగ్గర మా అల్లుణ్ణి చూసి కూడా అన్నారు. అతను నవ్వేసి ఊరుకున్నాడు కానీ, ఆ తర్వాత టీ ఇంట్లోనే తాగడం మొదలుపెట్టాడు.

నేను మాత్రం గమనిస్తూనే ఉన్నాను. బళ్ళో చేసిన అలవాటు, పిల్ల ఏం రాసిందో కాదు, ఎందుకు అలా రాసిందో చూస్తాను. చారు వేడిగా ఉంటే మల్లీ ప్రయత్నించు. ట్రాక్టరు గుమ్మం ముందు నుంచి పోతే మల్లీ ప్రయత్నించు. ఎవరన్నా బుగ్గ గిల్లితే మల్లీ ప్రయత్నించు. సంతోషంగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా అనలేదు. ఆలోచిస్తే ఇందులో వింతేముంది? ట్యాబ్‌లో ఆ మాట వచ్చేది చప్పుడు మోగి, మొహం ముడుచుకుని, ఏదో బాగా లేనప్పుడే. ఏదో బాగా లేదని చెప్పడానికి ఆ మాట వాడాలని పిల్ల తేల్చుకుంది. దాని లెక్కలో ఆ మాటకి అర్థం 'వద్దు' అని. 'నొప్పి' అని. మా అమ్మాయికి చెప్తే మర్నాడంతా చూసి, "నిజమేనే అమ్మా" అంది. అది కోరుకున్న దారి దొరికింది. ళ లేని దారి, అయితేనేం.

కోఆర్డినేటర్‌కి చెప్పాను. "అది ఎకోలాలియా అండీ టీచర్ గారూ. విన్నది విన్నట్టు తిరిగి అంటారు, అర్థం ఏం ఉండదు" అంది.

"అర్థం లేకపోతే మరి మీరు మాట వచ్చిందని పైకి ఎట్టా రాశారు?" అన్నాను.

ఆ పిల్ల హెల్మెట్ పట్టీ సర్దుకుంటూ, "రిపోర్ట్ వేరండీ" అంది. నా మాట చెవిన పెట్టలేదు.

పత్తి ఇంటికొచ్చింది. ధర లేదని అల్లుడు అమ్మకుండా ముందు గదిలో పోశాడు. నడుం ఎత్తు కుప్ప. పిల్లకి అంతకంటే స్వర్గం లేదు. పొద్దస్తమానం దాన్లో దిగి కూర్చునేది. గుప్పెడు తీసుకుని దూది పీకి, లోపలి గింజని బయటికి తీసి, బుగ్గకి రాసుకునేది, పెదవికి రాసుకునేది. దాన్లో ఉన్నంతసేపూ ఆ మాట అనేదే కాదు.

సంక్రాంతి వెళ్ళి కొన్నాళ్ళయ్యాక పిల్ల ఉన్నట్టుండి ఆ మాట ఎక్కువగా అనడం మొదలుపెట్టింది. ముద్ద నమిలితే అంటుంది, పడుకోబెడితే అంటుంది, ఏమీ చేయకపోయినా అంటుంది. కుడిచేయి కుడిచెవి మీద పెట్టుకుని కూర్చుంటుంది. అదే సమయంలో కోఆర్డినేటర్ ఫోను. అద్దంకిలో పెద్ద సభ, బయట నుంచి అతిథులు వస్తున్నారు, మన పాపే ముఖ్యం, కారు పంపిస్తాం అని. చెవి సంగతి చెప్పాను. "అది సెన్సరీ అండీ, ఇలాంటి పిల్లలు చెవులు మూసుకుంటారు కదా" అంది.

"మూసుకుంటే రెండూ మూసుకుంటది. ఇది ఒక్కటే పట్టుకుంటోందమ్మా" అన్నాను.

"సభ అవ్వగానే నేనే చూపిస్తాను టీచర్ గారూ, ప్రామిస్. సారు ఇప్పటికే పాప పేరు అందరికీ చెప్పేశారు. పాప రాకపోతే ట్యాబ్ కంటిన్యూ చేస్తారో లేదో కూడా నాకు తెలీదు." ఆ చివరి మాట నా పక్కనే ఉన్న మా అమ్మాయి విన్నది. వెంటనే పిల్లకి గౌను మార్చింది. కారెక్కాం.

అద్దంకిలో ఫంక్షన్ హాలు. స్టేజి పక్కనే మనిషెత్తు స్పీకరు బాక్సులు. మా అమ్మాయిని, పిల్లని స్టేజి ఎక్కించారు. నన్ను కింద కుర్చీల్లో కూర్చోబెట్టారు. ముందు మా అమ్మాయికి శాలువా కప్పారు. పిల్ల తల్లి భుజానికేసి కుడిచెవి నొక్కుకుంటోంది. సారు మైకు తీసుకుని పిల్ల నోటి దగ్గర పెట్టాడు. పిల్ల మొహం తిప్పేసుకుంది. ఆయన గెడ్డం పట్టుకుని ఇటు తిప్పాడు.

"మల్లీ ప్రయత్నించు" అంది పిల్ల.

హాలు దద్దరిల్లింది. చప్పట్లు. ఆ చప్పుడుకి పిల్ల ఇంకోసారి అంది. ఇంకా చప్పట్లు. అది చెవి పట్టుకుని వద్దు, వద్దు, నొప్పి, నొప్పి అంటోంది. స్పీకర్లు ఆ గొంతునే పెద్దది చేసి తిరిగి దాని చెవిలోనే కొడుతున్నాయి. ఫొటోగ్రాఫరు, "పాపా, ఇటు, ఇటు" అంటూ చిటికెలు వేస్తున్నాడు.

సారుకి పూనకం వచ్చింది. "విన్నారా! ఈ చిన్నారి మనందరికీ ఏం సందేశం ఇస్తోంది? ఓడిపోతే ఏం చెయ్యాలి? కింద పడితే ఏం చెయ్యాలి? అందరూ గట్టిగా చెప్పండి!" అన్నాడు. హాలంతా ఒక్క గొంతుతో అరిచింది: "మళ్ళీ ప్రయత్నించు!" ముందు వరసలో పట్టుచీరల ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు. ఛీ! అంత చదువుకున్న జనం, అన్ని కళ్ళు, అందులో ఒక్క జత కూడా ఆ పిల్ల చెయ్యి ఎక్కడుందో చూడలేదు. నేను కుర్చీలు తోసుకుంటూ వెళ్ళి, స్టేజి ఎక్కి, పిల్లని లాక్కుని భుజాన వేసుకున్నాను. ఒళ్ళు కాలిపోతోంది. నా వెనక మైకులో సారు గొంతు: "అమ్మమ్మగారు ఆనందం పట్టలేకపోతున్నారు!" మళ్ళీ చప్పట్లు.

కారు ఇమ్మంటే అతిథుల్ని దింపాలన్నారు. కోఆర్డినేటర్ బిర్యానీ పొట్లాలు చేతిలో పెట్టబోయింది. దాని ప్రామిస్ సంగతి నేను అడగలేదు, అదీ ఎత్తలేదు. శాలువా కుర్చీ మీదే వదిలేసి చీరాల బస్సు ఎక్కాం. అక్కడ చెవి డాక్టరు ఉన్నాడని తెలుసు.

వయసు మళ్ళినాయన. లైటు పెట్టి చెవిలోకి చూసి, "ఇంట్లో పత్తి పోశారా అమ్మా?" అని అడిగాడు.

"పోశామండీ."

"గింజ పోయింది లోపలికి. నీళ్ళు తగిలి ఉబ్బింది, చీము పట్టింది. పత్తికాలంలో ఇవి నాకు వస్తూనే ఉంటాయిలెండి" అన్నాడు. సన్నటి పట్టకారు లోపల పెట్టబోతే పిల్ల బిగుసుకుపోయి, "మల్లీ ప్రయత్నించు" అంది.

ఆయన తల పైకెత్తాడు. "మల్లి ఎవరు? అక్కా?"

"ఎవరూ కాదండీ. నొప్పి అంటోంది" అన్నాను.

ఆయన నవ్వలేదు. పట్టకారు ట్రేలో పెట్టేశాడు. "సరేనమ్మా, ఆపేశాను. ముందు నొప్పి తగ్గే చుక్కలు వేసుకుందాం" అని పిల్లతోనే చెప్పాడు. చుక్కలు వేసి, బయట పేషెంట్లున్నా కూర్చున్నాడు. కాసేపటికి తీశాడు. మధ్యలో అది ఆ మాట అన్నప్పుడల్లా చెయ్యి ఆపాడు. గాజుగుడ్డ మీద పెట్టి చూపించాడు, నల్లగా ఉబ్బిన గింజ, దానికి అంటుకుని చీముతో తడిసిన దూది. పిల్ల నా ఒళ్ళోనే, కుర్చీ మీదే నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో.

మా అమ్మాయి ఆ గింజ వంక చూస్తూ, "అమ్మా, అది చెప్తానే ఉంది. అందరికీ చెప్పింది" అంది.

మర్నాడు కోఆర్డినేటర్‌కి ఫోను చేసి జరిగింది చెప్పాను. "అయ్యయ్యో! ఇప్పుడు బాగానే ఉంది కదండీ?" అని, ఆ వెంటనే "ఇది సారుకి చెప్పకండి టీచర్ గారూ, నన్నంటారు" అంది. కొన్నాళ్ళకి పర్చూరు బస్టాండు ఎదురుగా ఒక ఫ్లెక్సీ లేచింది. దాని మీద మా పిల్ల మొహం, కుడిచేయి కుడిచెవి మీద, కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళు మెరిసేలా ఏదో చేశారు. పక్కన దండం పెడుతూ సారు. కింద బారెడు అక్షరాలతో "మళ్ళీ ప్రయత్నించు!" ఫ్లెక్సీ వేసినవాడికి మాత్రం ళ వచ్చు. మా అల్లుడు చూసొచ్చి అన్నం తినలేదు. నేను ఫోను చేసి తీసెయ్యమన్నాను. పైవాళ్ళని అడిగి చెప్తామన్నారు. ఇంకా అడుగుతూనే ఉన్నట్టున్నారు.

తీయకపోగా, సారే స్వయంగా కెమెరా మనిషిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పాప విజయగాథ సినిమాలా తీస్తారట. పత్తి కుప్ప చూసి ముచ్చటపడి, "ఇక్కడే కూర్చోబెడదాం, బ్యాక్‌గ్రౌండ్ బాగుంది" అన్నాడు. ఇక ఉండబట్టలేక గింజ సంగతి, ఆ మాటకి మా పిల్ల లెక్కలో ఉన్న అర్థం మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. ఆయన తలాడిస్తూ విన్నాడు. నా మాటకి సిగ్గుపడతాడేమో అనుకున్నాను.

"చాలా మంచి ఎమోషన్ ఉందమ్మా ఇందులో. దీన్ని కూడా పెడదాం" అన్నాడు. తర్వాత, "ఆ గింజ దాచారా? ఉంటే క్లోజప్ తీద్దాం."

నేను ఆయనకి గుమ్మం చూపించబోయాను. అంతలో ఆయన వంగి పిల్ల గెడ్డం పట్టుకున్నాడు. "చెప్పమ్మా, ఏం చెయ్యాలి?"

"మల్లీ ప్రయత్నించు" అంది పిల్ల.

"సూపర్!" అన్నాడు సారు. కెమెరా మనిషి, "సార్, ఫ్యాను సౌండ్ వచ్చింది. ఇంకొక్కసారి" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపలే మా అమ్మాయి లేచింది. ఎవరికీ ఎదురు చెప్పని పిల్ల, చిన్నప్పుడు బళ్ళో నన్ను కూడా మేడం అని పిలిచిన పిల్ల. సారు చేతిని కూతురి గెడ్డం మీంచి తీసేసింది. "వద్దంటోందండీ" అంది.

"ఏంటమ్మా?"

"నా కూతురు వద్దంటోంది. మీకు వినపడలేదు. నాకు వినపడింది." బీరువా తెరిచి, పసుపు మరక ఇంకా పోని ఆ ట్యాబ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఈసారి మా అమ్మాయి ఇంకో చివర పట్టుకోలేదు, ఫొటో ఎవరూ తీయలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ కోఆర్డినేటర్ నేల చూపులు చూసింది. సారు చెప్పులు వేసుకుంటూ, ఇలాంటి కుటుంబాలకి ఎంత చేసినా ఇంతేనని కోఆర్డినేటర్‌తో అన్నాడు, మాకు వినపడేలాగానే.

ఇప్పుడు ట్యాబ్ లేదు. మా ఇంట్లో ఆ మాట వినపడిందంటే ఎవరి చేతిలో ఏ పనున్నా ఆగుతుంది. దువ్వెన ఆగుతుంది, ముద్ద ఆగుతుంది. పిల్ల కాసేపు మా వంక చూసి, తనే తల ముందుకి వంచుతుంది, దువ్వమని. వారం వారం గుంటూరుకి మళ్ళీ తిప్పుతున్నాం. ఒకవారం మా అమ్మాయి, ఒకవారం నేను.

మొన్న నా వంతు. పర్చూరులో బస్సు ఆగింది. కిటికీ పక్కన పిల్ల, ఎదురుగా ఆ ఫ్లెక్సీ, ఎండకి వెలిసి ఒక మూల చిరిగి గాలికి కొట్టుకుంటోంది. నా వెనక సీట్లో ఎవరో కాలేజీ పిల్లలు పైకి చదివారు, "మళ్ళీ ప్రయత్నించు! భలే ఉందిరా కొటేషన్, స్టేటస్ పెట్టుకోవచ్చు" అని ఫోను తీశారు. మా పిల్ల ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. దానికి అక్షరాలు రావు. బొమ్మలోని చెయ్యి చూసి తన కుడిచేయి కుడిచెవి మీద పెట్టుకుంది.

"మల్లీ ప్రయత్నించు" అంది, నా వైపు తిరిగి.

"అవునమ్మలూ, అప్పుడు బాగా నొప్పెట్టింది" అన్నాను. పిల్ల చెవి మీంచి చెయ్యి తీసి, నా చేతిలో పెట్టింది.